విద్యార్థి ఒంటరితనం – మన సెల్‌ఫోన్ కథలు

కిందటేడు హనుమకొండలో ఒక సాహిత్య సంస్థ విద్యార్థి జీవితం మీద కథల పోటీ పెట్టింది. బడిపంతులును, తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి, అడపాదడపా విమర్శ పేరుతో నాలుగు మాటలు రాసేవాణ్ణి కనుక న్యాయనిర్ణేతలలో నన్నూ ఒకణ్ణిగా కూర్చోబెట్టారు. నలభైకి పైగా కథలు వచ్చాయి. వాటిలో పద్నాలుగింటికి వస్తువు సెల్‌ఫోన్. పద్నాలుగూ పద్నాలుగు చేతులు రాసినవే అయినా, పేర్లు తీసేసి వరుసగా చదువుతూ పోతే ఒకే కథను పద్నాలుగుసార్లు చదివినట్టయింది.

ఆ కథ ఇది. చురుకైన కుర్రవాడు. తండ్రి పుట్టినరోజుకు ఫోన్ కొనిస్తాడు. ఇక అన్నం దగ్గర ఫోన్, పడక మీద ఫోన్. నాయనమ్మ కథ చెప్తానంటే వినడు. మార్కులు తగ్గుతాయి, కళ్ళకు అద్దాలు వస్తాయి, స్నేహితులు దూరమవుతారు, కుర్రవాడు ఒంటరివాడవుతాడు. చివర నాయనమ్మ చనిపోతుంది, లేదా ఫోన్ బావిలో పడుతుంది. కుర్రవాడు కళ్ళు తుడుచుకుని ఆటస్థలంలోకి పరుగెత్తుతాడు. మొదటి బహుమతి వీటిలో ఒకదానికే ఇచ్చాం. భాష బాగుంది, శిల్పం బిగువుగా ఉంది, నాయనమ్మ పాత్ర మా ముగ్గురికీ కళ్ళలో నీళ్ళు తెప్పించింది. దాన్ని అందరికన్నా గట్టిగా సమర్థించినవాణ్ణి నేనే. అదే పోటీలో ఒక కథను గట్టిగా పక్కకు నెట్టినవాణ్ణి కూడా నేనే. ఆ రెండో కథ సంగతి తర్వాత చెప్తాను.

బహుమతి పొందిన కథ మీద నా అభిప్రాయం ఇప్పుడు మారింది. ఆ రచయిత నొచ్చుకోకూడదని మనవి. తప్పు ఆ ఒక్క కథది కాదు. మన కథకులు, వాళ్ళను మెచ్చుకునే నాబోటి విమర్శకులు కలిసి తయారుచేసుకున్న ఒక చూపుది.

ఈ కథలన్నిటిలో కార్యకారణ సంబంధం ఒక్క దిక్కుకే నడుస్తుంది. ఫోన్ వచ్చింది, కనుక ఒంటరితనం వచ్చింది. ఫోన్ రాకముందు ఆ కుర్రవాడికి ఇల్లుంది, స్నేహితులున్నారు, ఆడుకునే జాగా ఉంది, కథలు చెప్పే నాయనమ్మ ఉంది. అంటే కథ మొదలయ్యేనాటికి లోకం సవ్యంగానే ఉంది. బయటినుంచి ఒక వస్తువు వచ్చి దాన్ని చెడగొట్టింది. ఆ వస్తువును తీసేస్తే లోకం మళ్ళీ సవ్యమవుతుంది. ఇది మనకు కొత్త నిర్మాణం కాదు. దయ్యం పట్టడం, భూతవైద్యుడు రావడం, దయ్యం వదలడం. వస్తువు ఆధునికమైనంత మాత్రాన కథ ఆధునికం కాదు. సమాజ వాస్తవికత గురించి ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్న మనం, మన పిల్లల విషయం వచ్చేసరికి దయ్యం కథ రాసుకుని ఊరట చెందుతున్నాం.

నా చూపు మారడానికి కారణం ఏ పుస్తకమూ కాదు, మా బడిలో పదో తరగతి చదివిన ఒక పిల్లవాడు. పేరు అవసరం లేదు. మాది వరంగల్‌కు ఆనుకుని ఉన్న ఊళ్ళో సర్కారు బడి. పిల్లవాడి తండ్రి హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. తల్లి అక్కడే నాలుగిళ్ళలో పని చేస్తుంది. వాడు ఊళ్ళో నాయనమ్మతో ఉండేవాడు. బహుమతి కథలోలాగే ఇక్కడా నాయనమ్మ ఉంది, కాని ఆమెకు చెవులు వినిపించవు, పొద్దుగూకగానే పడుకుంటుంది. ఒకరోజు వాడు వెనక బెంచీలో కూర్చుని గేమ్ ఆడుతూ నాకు పట్టుబడ్డాడు. అప్పటికే రోజూ తరగతిలో తూగుతున్నాడు, అబద్ధాలు చెప్తున్నాడు, త్రైమాసిక పరీక్షలో లెక్కలు తప్పాడు. ఫోన్ గుంజుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ పని చేసినందుకు నాకు లోలోపల కొంత గర్వంగా కూడా ఉంది.

నాలుగోనాడు వాడు స్టాఫ్ రూం గడప దగ్గర నిలబడ్డాడు.

"సార్, ఫోన్ మీ దగ్గర్నే ఉండనియ్యుండ్రి. పొద్దుమీకి ఎనిమిదింటికి ఒక్కపారి ఇయ్యుండ్రి. మా అమ్మ చేస్తది."

"మీ అమ్మతోని మాట్లాడితే పది నిమిషాలు. మరి రాత్రి రెండింటి దాక ఆ గేములేందిరా?"

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అమ్మ పెట్టేసినంక ఇల్లంత సప్పుడు లేకుంట ఐతది సార్" అన్నాడు.

వాణ్ణి అమాయకుణ్ణి చేసి చూపడం నా ఉద్దేశం కాదు. వాడి చదువు నిజంగానే పాడయింది. గేమ్ కోసం నాయనమ్మ పింఛను డబ్బులో నూరు రూపాయలు తీశాడని కూడా తర్వాత తెలిసింది. అయితే మన పద్నాలుగు కథల్లో ఎక్కడా లేనిది వాడి మాటలో ఉంది. ఇల్లు సప్పుడు లేకుండా కావడం ముందు. గేమ్ ఆ తర్వాత. ఆ ఇంటిని అట్లా చేసింది ఫోన్ కాదు, ఊళ్ళో పని లేకపోవడం. ఇంకా చెప్పాలంటే, అదే ఫోన్‌లోనే రోజుకు పది నిమిషాలు వాడి తల్లి కూడా ఉంది. మందూ అదే సీసాలో, విషమూ అదే సీసాలో. నేను సీసానే బీరువాలో పెట్టాను.

ఈ ముందువెనుకల చర్చ మన ఒక్కరిదే కాదు. 1998లో అమెరికాలో రాబర్ట్ క్రౌట్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రకటించారు. పిట్స్‌బర్గ్‌లో 73 కుటుంబాలకు చెందిన 169 మందిని, వాళ్ళ ఇళ్ళకు ఇంటర్నెట్ వచ్చిన తొలి ఒకటి రెండేళ్ళలో పరిశీలించారు. ఎక్కువగా వాడినవాళ్ళు ఇంట్లోవాళ్ళతో మాట్లాడడం తగ్గిందని, వాళ్ళలో ఒంటరితనం, దిగులు కొంత పెరిగాయని చెప్పారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. కాని వాళ్ళే 2002లో మళ్ళీ ప్రకటించిన రెండో మాట అంతగా పాకలేదు. మొదటి బృందాన్ని మరికొంత కాలం గమనిస్తే ఆ చెడు ఫలితాలు చాలావరకు కనిపించకుండా పోయాయి. కొత్తగా తీసుకున్న మరో బృందంలో తేలింది వేరు. నలుగురితో కలిసేవాళ్ళకు, అండ ఉన్నవాళ్ళకు ఇంటర్నెట్ మేలు చేసింది. ముడుచుకుపోయే స్వభావం గలవాళ్ళకు ఒంటరితనం పెంచింది. ఉన్నవాడికే మరింత చేరుతుందన్న నమూనాతో దాన్ని వాళ్ళు వివరించారు. డబ్బు విషయంలో ఈ సూత్రం మనకు బాగా తెలుసు. మనుషుల విషయంలోనూ అంతే అని తెలియడం నాకు కొత్త.

2003లో స్కాట్ కాప్లాన్ అనే మరో పరిశోధకుడు దీన్ని ఇంకొంచెం విడమరిచాడు. ఒంటరివాడు ఎదురుగా ఉన్న మనిషికన్నా తెరవెనుక మనిషితో మాట్లాడడం క్షేమమనుకుంటాడు. అక్కడ తడబడితే ఎవరూ చూడరు. ఆ ఇష్టమే క్రమంగా అదుపు తప్పిన వాడకంగా మారుతుంది, ఆ వాడకంవల్ల బయట ఉన్న ఆ నాలుగు సంబంధాలూ చెడతాయి. కాబట్టి ఫోన్ ఒంటరితనాన్ని పెంచదని నేననడం లేదు. పెంచుతుంది. చలికి వణికేవాడు మంట దగ్గరికి పోయి చేతులు కాల్చుకున్నట్టు. అయితే కాలిన చేతుల గురించి మాత్రమే కథ రాసి, చలి గురించి ఒక్క వాక్యమూ రాయకపోతే ఆ కథ ఎవరి పక్షాన ఉన్నట్టు?

ఇక్కడ మా ఉపాధ్యాయుల వాటా కూడా చెప్పాలి. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. ఆ సంవత్సరం సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు మొదలుపెట్టింది. ఏ పిల్లవాడు పాఠం చూశాడో, ఎవడు చూడలేదో కనుక్కోవడం, వాట్సాప్‌లో ప్రశ్నలు పంపడం, జవాబులు ఫోటో తీసి పంపమనడం మా పని. ఇంటింటికీ తిరిగి, "ఒక ఫోన్ కొనియ్యుండ్రి, లేకపోతే పిలగాడు ఎనకబడ్తడు" అని తల్లిదండ్రులకు చెప్పినవాళ్ళలో నేనొకణ్ణి. కూలీ డబ్బులతో, అప్పుతో, ఒక ఇంట్లోనైతే మేకను అమ్మి ఫోన్ కొన్నారు. ఆ మరునాడే, సెప్టెంబర్ 2న, కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. మా పిల్లలందరూ ఆడే పబ్జీ వాటిలో ఉంది. ఫోన్ చేతిలో పెట్టమని ఒకనాడు, అందులో ఆట ఆడొద్దని రెండోనాడు. పిల్లలు ఆ వారంలోనే మరో ఆట వెతుక్కున్నారు. 9, 10 తరగతులు మళ్ళీ తెరుచుకున్నది 2021 ఫిబ్రవరిలో. అన్ని నెలలు ఇంట్లో ఒక్కడే కూర్చున్న పిల్లవాడు బడికి తిరిగి వచ్చాక, ఫోన్‌ను చేతినుంచి లాక్కుంటే లాక్కోగలిగాం కాని, ఆ నెలలను లాక్కోలేకపోయాం. మన సెల్‌ఫోన్ కథల్లో ఫోన్‌ను ఎప్పుడూ గారాబం చేసే తండ్రే కొనిస్తాడు. బడిపంతులు కొనిపించిన కథ నాకింతవరకు కనపడలేదు. ఆ కథ నేను కూడా రాయలేదు, కనుక ఇతరులను అనడానికి నాకు పెద్ద హక్కు లేదు.

ఇక మన సాహిత్యంలోకి వద్దాం. ఒంటరి మనిషి తెలుగు నవలకు కొత్తవాడు కాడు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు ఉన్నాడు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి ఉన్నాడు. వీళ్ళ ఒంటరితనానికి ఒక ఆస్తి చరిత్ర, ఒక కుటుంబ చరిత్ర ఉన్నాయి. సీతారామారావు ఉన్న ఆస్తిని పోగొట్టుకుని ఒంటరివాడయ్యాడు. దయానిధిని తల్లి గురించిన లోకనింద జీవితమంతా వెంటాడింది. వాళ్ళను చిన్నచూపు చూడను. అయితే వాళ్ళకు తమ ఒంటరితనాన్ని తాత్త్వికంగా చర్చించుకునే తీరిక ఉంది.

ఆ తీరిక లేని ఒంటరివాడు, పల్లెనుంచి వచ్చి హాస్టల్ గదిలో పడ్డ పేద విద్యార్థి, నవలకు నాయకుడైనది 1969లో వచ్చిన 'అంపశయ్య'లో. అది మా జిల్లావాడు రాసిన నవల కావడం నాకు మొదటినుంచీ గర్వకారణం. వావిలాల గ్రామంలో 1941లో పుట్టిన దొంగరి మల్లయ్య 'నవీన్' అన్న కలం పేరుతో అది రాశాడు. తర్వాత నవల పేరే ఆయన ఇంటిపేరయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రవి ఒక ఉదయం నిద్రలేచినప్పటినుంచి ఆ రాత్రి పడుకునేదాకా సుమారు పదహారు గంటలు అతని మనసులో సాగే ఆలోచనలే నవల. హాస్టల్, మెస్, క్లాసు, స్నేహితులు, చేతిలో లేని డబ్బు, ఇంటి బీదతనం, పరీక్షల భయం, స్త్రీలంటే ఆకర్షణ, భయం. రవి చుట్టూ మనుషులు లేకపోవడం లేదు. రోజంతా మనుషుల మధ్యే తిరుగుతాడు. అయినా ఒంటరివాడే. ఒంటరితనానికి మనుషుల కొరత కారణం కాదని, మనిషికీ మనిషికీ మధ్య నడిచే సంబంధం కారణమని నాకు ఎం.ఏ. రోజుల్లో తెలియజెప్పింది ఆ నవలే.

ఆ రోజుల్లో అభ్యుదయ, విప్లవ సాహిత్య వర్గాలలో 'అంపశయ్య' లాంటి నవలల గురించి వినిపించే మాట ఒకటుండేది. ఇది పెటీ బూర్జువా ఆత్మశోధన, పోరాడేవాడికి ఒంటరితనం ఉండదు, ఒంటరితనం పోరాడనివాడి జబ్బు. 2000 తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయంలో చదివిన నాదాకా ఆ మాట పెద్దల నోట వచ్చింది. నేనూ పరీక్ష పేపర్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, మనం చేసిన పెద్ద పొరపాట్లలో అదొకటని నాకనిపిస్తుంది. ఒంటరితనాన్ని మనం వ్యక్తివాదం కింద జమకట్టి తోసేశాం. తోసేసిన దాన్ని వేరేవాళ్ళు ఎత్తుకున్నారు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలవాళ్ళు ఎత్తుకున్నారు, బాబాలు ఎత్తుకున్నారు, ఇప్పుడు కంపెనీలు ఎత్తుకున్నాయి. మన రచయితలకు మిగిలింది దయ్యం కథ.

అసలు మనం తోసేయవలసిన అవసరమే లేదు. 1844లో పారిస్‌లో రాసుకున్న రాతప్రతుల్లో మార్క్స్ పరాయీకరణను నాలుగు విధాలుగా చెప్పాడు. శ్రామికుడు తాను చేసిన వస్తువుకు పరాయి అవుతాడు, చేసే పనికి పరాయి అవుతాడు, తన మానవ స్వభావానికే పరాయి అవుతాడు, చివరికి మనిషి మనిషికే పరాయి అవుతాడు. మొదటి రెండింటి గురించి మన సభల్లో చాలా విన్నాను. నాలుగోదాని గురించి విన్నది తక్కువ. విద్యార్థి ఒంటరితనం సరిగ్గా అక్కడే ఉంది.

అది ఎట్లా తయారవుతుందో చూడాలంటే మా ఊరే చాలు. వరంగల్ విద్యార్థుల ఊరు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, అదే సంవత్సరం వచ్చిన కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో వచ్చిన కాకతీయ విశ్వవిద్యాలయం. వాటికోసం వచ్చిన విద్యార్థులకు ఊళ్ళో ఒక సాహిత్య జీవితం ఎదురయ్యేది. 1966లో 'సృజన' ఇక్కడినుంచే మొదలైంది. కాళోజీ వంటివాళ్ళు కూర్చునే మిత్రమండలి ఉండేది. రవి లాంటివాడు ఒకడు ఆ రోజుల్లో ఈ ఊరికి వస్తే, ఏదో ఒక సాయంత్రం ఏదో ఒక గదిలో వాదించుకునేవాళ్ళ మధ్య వచ్చిపడే అవకాశం ఉండేది. ఇది చెప్తూ నేను పాతరోజులను బంగారం చేయదలచుకోలేదు. ఆ గదుల్లో అమ్మాయిలు దాదాపు లేరు. కులం పేరు అడగకుండానే కనిపెట్టే చూపులు అక్కడా ఉండేవి. అయినా ఆ గదులు ఉండేవి.

ఆ తర్వాత వచ్చినవి వేరే గదులు. 1990ల తర్వాత రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలు లేచాయి. తెల్లవారుజామున లేవడం, స్టడీ అవర్, క్లాసు, స్టడీ అవర్, వారం వారం పరీక్ష, గోడమీద ర్యాంకుల పట్టిక, ర్యాంకును బట్టి సెక్షన్ మార్పు. పక్క మంచం మీద పడుకున్నవాడు స్నేహితుడు కావడానికి ముందే పోటీదారు అవుతాడు. నిన్నటి సెక్షన్లో పరిచయమైనవాడు రేపటి సెక్షన్లో ఉండడు. కాలేజీ మంచిదా చెడ్డదా అన్న తీర్పు కాదిది. ఆ ఏర్పాటు పనిచేసే తీరే అది. మనిషి మనిషికి పరాయి కావడానికి ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు మార్క్స్ కూడా ఊహించి ఉండడు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ కాలేజీల్లో ఫోన్లు ఉండనివ్వరు. వారానికో, పదిహేను రోజులకో వార్డెన్ ముందు నిలబడి ఇంటికి మాట్లాడాలి. ఫోనే ఒంటరితనానికి కారణమైతే, తెలుగు నేల మీద అతి తక్కువ ఒంటరితనం ఈ నాలుగు గోడల మధ్యనే ఉండాలి. ఉందా? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతడకగా వచ్చిన తర్వాత కొద్ది రోజుల్లోనే ఇరవైమంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ మరణాలకు బాధ్యత ఫోన్‌దని అనే ధైర్యం ఎవరికీ రాలేదు. తప్పిన సంగతి చెప్పుకోవడానికి ఒక్క మనిషి దొరికితే వాళ్ళలో ఎందరు బతికేవారో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

ఈ రెండేళ్ళు గడిపి వచ్చిన కుర్రవాడు డిగ్రీకో ఇంజనీరింగుకో వచ్చాక, మొదటిసారి చేతికి సొంత ఫోన్ వస్తుంది. మనిషితో మాట కలపడం మరిచిపోయినవాడికి, మాట కలపకుండానే నవ్వించే యంత్రం దొరుకుతుంది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డాటా కారుచౌక అయింది. చవకగా దొరికేదంతా ప్రజల మేలుకే అనుకోవడానికి వీల్లేదు. కల్లు దుకాణం గూడెం పక్కనే పెట్టడం కూడా ఒక సదుపాయమే. ఈ యాప్‌లకు ఆదాయం ప్రకటనలనుంచి వస్తుంది, ప్రకటనకు కావలసింది మన చూపు. ఎవడి చూపు ఎక్కువసేపు దొరుకుతుంది? రాత్రి పిలిచేవాళ్ళు లేనివాడిది. ఒంటరితనం ఇక్కడ వ్యాపారానికి ముడిసరుకు. బీడీ కార్ఖానాల మీద, కల్లు వేలంపాటల మీద కథలు రాసిన సంప్రదాయం మనది. మరి ఈ వ్యాపారం కనపడకుండా, దాని చేత చిక్కిన పదహారేళ్ళ కుర్రవాడు మాత్రమే దోషిగా కనపడే కథలు రాస్తున్నామెందుకు?

వైద్యులు కూడా మనకన్నా జాగ్రత్తగా మాట్లాడుతున్నారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో దీనికోసం 2014లోనే ప్రత్యేక క్లినిక్ పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో వీడియో గేములకు సంబంధించిన రుగ్మతను చేర్చింది కాని, ఇంటర్నెట్ వాడకాన్నంతటినీ జబ్బుగా చేర్చలేదు. మన కథకులు మాత్రం ఫోన్ పట్టినవాడినల్లా రోగిని చేసేశారు.

శిల్పానికి సంబంధించి ఒక మాట. రచయిత మిత్రులు దీన్ని ఆలోచించాలని కోరుతున్నాను. చైతన్య స్రవంతి రవికి సరిపోయింది. ఎందుకంటే అతని ఒంటరితనానికి ఆలోచనగా మారే వ్యవధి ఉంది. మెస్ ముందు వరుసలో నిలబడ్డప్పుడు, మంచం మీద కళ్ళు తెరుచుకుని పడుకున్నప్పుడు, అతనికి తన మనసు తప్ప వేరే కాలక్షేపం లేదు. అందుకే బాధ మాటలయింది. ఈనాటి రవి పదహారు గంటలను అదే పద్ధతిలో రాయగలమా? అతని మనసులో ఒక ఆలోచన మొదలై రెండో వాక్యం దాకా రాకముందే వేలు తెరను పైకి తోస్తుంది. ఇరవై సెకన్ల పెళ్ళి డాన్సు, ఇరవై సెకన్ల ప్రమాదం, ఇరవై సెకన్ల బిర్యానీ. స్రవంతి ఉంది, కాని అది అతని చైతన్యానిది కాదు, ఎవరో అతనికోసం ఏర్చి కూర్చి పారిస్తున్నది. తన బాధకు తన మాట దొరకకపోవడమే ఈ తరం విద్యార్థి ఒంటరితనంలో అన్నిటికన్నా బాధాకరమైన అంశమని నాకనిపిస్తుంది. దీన్ని పట్టుకునే రూపం మన కథకు ఇంకా రాలేదు. పాత నీతికథ చట్రంలో అది అసలు ఇమడదు.

అమ్మాయిల సంగతి మన పద్నాలుగు కథల్లో దాదాపు లేనే లేదు. ఉన్న ఒక్క కథలోనూ ఫోన్ కారణంగా ఆమె ఎవరితోనో వెళ్ళిపోతుంది. మా బడిలో నేను చూసింది వేరు. ఆన్‌లైన్ పాఠాల కాలంలో ఇంట్లో ఒక్క ఫోన్ ఉంటే అది అన్నకో తమ్ముడికో పోయింది. అమ్మాయి ఫోన్ పట్టుకుంటే ఎవరితో మాట్లాడుతున్నావని నిలదీశారు. ఆమె ఒంటరితనం ఫోన్ ఉండడంవల్ల వచ్చింది కాదు, లేకపోవడంవల్ల కూడా కాదు. దాని గురించి ఆ పిల్లల్లోనే ఎవరైనా రాస్తే నేను చదివి నేర్చుకోవాలి.

ఇప్పుడు నేను పక్కకు నెట్టిన కథ సంగతి. రూళ్ళ కాగితం మీద చేతిరాత, మూడు పేజీలు. అచ్చుతప్పులని సర్దుకోలేనన్ని తప్పులు. నయీంనగర్‌లో ఒక అద్దె గది, నాలుగు మంచాలు, నలుగురు డిగ్రీ కుర్రవాళ్ళు, నాలుగు ఫోన్లు. రాత్రి పదకొండు దాటింది. మాట లేదు. అందులో ఒకడికి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తుంది. ఫోన్‌లో ఉన్న పేర్లన్నీ పైనుంచి కిందికి చూస్తాడు. ఒకరు పడుకుని ఉంటారు, ఒకరు ఎందుకు చేసినవంటారు, ఒకరికి బాకీ ఉంది. చివరికి కస్టమర్ కేర్‌కు చేస్తాడు. తెలుగు కోసం ఒక అంకె నొక్కుతాడు. చాలాసేపు పాట వినిపించిన తర్వాత ఒక ఆడమనిషి గొంతు నమస్కారం చెప్పి, ఏం సమస్య అని అడుగుతుంది. సిగ్నల్ సరిగ లేదంటాడు. ఆమె చెప్పినవన్నీ చేస్తున్నట్టు నటిస్తాడు. ఇంకేమైనా సహాయం కావాలా అని ఆమె అడుగుతుంది. వాడు ఏమీ అనలేకపోతాడు. ఆమె రెండోసారి అడుగుతుంది. కథ అక్కడ ఆగిపోయింది.

నేను ఆ కాగితం మూలన ఎర్ర సిరాతో, "సంఘటన నమ్మదగినట్టు లేదు. ముగింపు లేదు. సామాజిక ప్రయోజనం శూన్యం" అని రాశాను. ఆ మాటలు నాకిప్పటికీ అక్షరం అక్షరం గుర్తున్నాయి. మా బడి పిల్లవాడు స్టాఫ్ రూం గడప దగ్గర నిలబడిన రోజు సాయంత్రం అవి మొదటిసారి గుర్తొచ్చాయి. సంఘటన నమ్మదగినట్టు లేదన్నది ఆ గదుల్లో నేనెప్పుడూ రాత్రి పదకొండింటికి కూర్చోలేదు కనుక. ముగింపు లేదన్నది ముగింపు ఇవ్వడానికి ఆ కుర్రవాడి దగ్గరా నా దగ్గరా ఏమీ లేదు కనుక. మూడో మాటకు నా దగ్గర సమాధానం లేదు.

నిర్వాహకులను అడిగాను. బహుమతి రాని రాతప్రతులు దాచలేదన్నారు. చిరునామాల చీటీలు కూడా లేవు. ఆ కథ రాసిన విద్యార్థి ఈ పేజీలు చూస్తే, లేదా అతన్ని ఎరిగినవాళ్ళెవరైనా చూస్తే, దాన్ని మళ్ళీ రాసి ఈ పత్రికకే పంపవలసిందిగా కోరుతున్నాను. ఈసారి ఎర్ర సిరా వాడను.